మృగశిర నాటి పప్పు

పొద్దున ఎనిమిది కాకముందే ఎల్బీనగర్‌లో మేముండే అపార్ట్‌మెంట్ మెట్లన్నీ చేపల పులుసు వాసనతో నిండిపోయాయి. మొదటి అంతస్తులో అల్లం వెల్లుల్లి ముద్ద వేగుతోంది. రెండో అంతస్తులో ఎవరో చింతపండు పులుసు మరిగిస్తున్నారు, మెంతులు కాస్త మాడ్చారు కూడా. ఎదురు ఫ్లాటావిడ నూనెలో ముక్కలు వేసినట్టుంది, చర్రుమన్న చప్పుడు నా వంటింటి దాకా వచ్చింది. ఇవాళ మృగశిర కార్తె మొదలు. ఈ రోజు ఒక్క చేప ముక్క కడుపులో పడితే ఏడాదంతా దగ్గూ ఆయాసం దరిచేరవని మా వైపు నమ్మకం. మలక్‌పేట నుంచి తుర్కయంజాల్ దాకా చేప ఉడకని ఇల్లు ఉండదు, మా ఇల్లు తప్ప. మా ఇంట్లో ఇవాళ పప్పు. నాకు పెళ్లయిన దగ్గర్నుంచీ ప్రతి మృగశిరకీ పప్పే.

దీనికంతటికీ కారణం మా తాత అంజయ్య. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. పోయిన మనిషి మా గిన్నెలో ఏం ఉడకాలో ఇప్పటికీ నిర్ణయిస్తుంటే ఒళ్లు మండదా మరి! పోనీ ఆయనేమైనా శాకాహారా అంటే, తుర్కయంజాల్ చుట్టుపక్కల గాలం వెయ్యడంలో ఆయన తర్వాతే ఎవరైనా అని పేరు. ఈ ఏడు ఇక భరించలేననిపించి, మా ఆయన రవిని పొద్దున్నే చేపల మార్కెట్‌కి తరిమాను. "కొరమీను లేకుండా గడప తొక్కకు" అని గట్టిగానే చెప్పాను. హాల్లో పేపరు చదువుతున్న మా మామగారు కళ్లజోడు పైనుంచి నన్నొకసారి చూసి మళ్లీ పేపర్లోకి వెళ్లిపోయారు. ఆయన గోదావరి జిల్లా మనిషి. చేప అంటే ప్రాణం. అలాంటి ఆయన కూడా మృగశిర నాడు చేప ముట్టరు. ఎందుకండీ అని ఎన్నిసార్లు అడిగినా నవ్వి ఊరుకునేవారు.

మా తాతను ఎరగని వాళ్లకు ఆయన గురించి ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో నాకు తెలియదు, ఎందుకంటే ఆయన ఎప్పుడు ఎక్కడ ఉండేవాడో ఇంట్లో వాళ్లకే తెలిసేది కాదు. ఆయన ఊరి చెరువుకు నీరటి. అంటే తూము తెరిచి ఏ పొలానికి ఎన్ని నీళ్లు వదలాలో చూసుకునే పని. నాకు ఊహ తెలిసేసరికే సగం పొలాలు ప్లాట్లయ్యాయి, నీళ్లడిగేవాళ్లు తగ్గిపోయారు, తూము తుప్పు పట్టింది. అయినా ఆయన తెల్లారేసరికి చెరువు కట్ట మీద ఉండేవాడు. గడ్డిఅన్నారంలో మా ఇంటికి వారానికి రెండ్రోజులు వచ్చేవాడు గానీ అవి ఏ రెండ్రోజులో బ్రహ్మక్కూడా తెలియదు. పండ్ల మార్కెట్ లారీల మధ్య నుంచి, భుజాన తడి సంచీతో, చెప్పుల్లేకుండా నడుచుకుంటూ ప్రత్యక్షమయ్యేవాడు. "బస్సెక్కి రావచ్చు కదా" అంటే, "బస్సుల కూసుంటే ఏం కనవడ్తది?" అనేవాడు. నాన్న ఓ బటన్ ఫోన్ కొనిచ్చాడు. ఎన్నిసార్లు చేసినా మోగి మోగి ఆగిపోయేది. వెళ్లి వెతికితే బియ్యం డబ్బాలో దొరికింది. "గది మోగితే చేపలు బెదురుతయి బిడ్డా. బియ్యంల పురుగులే గద, యినవడ్డా ఏం గాదు" అన్నాడు, ఎంతో ఆలోచించి చేసిన పనిలా.

నాకు స్కూటీ వచ్చాక నా పాట్లు రెట్టింపయ్యాయి. ఆయన్ను ఊరి నుంచి తెచ్చే పని, దించే పని నాదే. డిగ్రీ చివరి పరీక్ష రోజు సాగర్ రోడ్డు మీద, వెనకా ముందూ లారీలు హారన్లు కొడుతుండగా, "ఆపు ఆపు" అని నా భుజం మీద గుద్దాడు. ఏ ప్రమాదమో అని బండి పక్కకు తీశాను. చూస్తే కరెంటు తీగ మీద లకుముకి పిట్ట! "గది ఈడ కూసున్నదంటే దగ్గర్ల నీళ్లున్నయన్నట్టు" అన్నాడు. అక్కడ నీళ్లెక్కడివి, టైల్స్ దుకాణం ఉంది. ఆయన దిగి, ఆ దుకాణం వెనక్కి వెళ్లి, తిరిగొచ్చి, "గుంత ఉన్నది. జానెడు నీళ్లు. మూడు చేపపిల్లలు" అని నివేదిక ఇచ్చాడు. నేను పరీక్షకు పావుగంట ఆలస్యంగా వెళ్లాను. హాల్లో కూర్చున్నాక కూడా నా బుర్రలో ఆ మూడు చేపపిల్లలే తిరిగాయి, అదీ నా ఖర్మ.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే ఉద్యోగం వచ్చిన మొదటి నెలలో జరిగింది ఇంకా దారుణం. నేను క్లాసులో ఉన్నాను. తాత నా కోసం వచ్చి రిసెప్షన్‌లో కూర్చున్నాడు, సంచీ పక్కన పెట్టుకుని. సంచీలో ఎండ్రకాయలు, ప్రాణంతో. ఆయన కునుకు తీశాడు, అవి బయటికి నడిచాయి. గ్రూప్స్ పరీక్షకు చదివే పిల్లలు కుర్చీల మీదికెక్కి కేకలు పెడుతుంటే నేను పరుగెత్తుకొచ్చాను. మా డైరెక్టరు గారు గోడకు అతుక్కుని నిలబడ్డారు. తాత మాత్రం నేల మీద కూర్చుని ఒక్కొక్కదాన్నీ వెనక నుంచి పట్టి సంచీలో వేస్తూ, "పరేషాన్ గాకుండ్రి సారూ, ఇవన్నీ మగయే. గుడ్లున్న ఆడయి అక్కడనే ఏరి ఇడిశిపెట్టిన" అన్నాడు. అక్కడెవరికైనా ఆ సందేహం వచ్చిందా? నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. నా ఉద్యోగం ఎలా నిలబడిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఈ గుడ్ల పిచ్చి, పిల్లల పిచ్చి ఆయనకు ఎప్పట్నుంచీ ఉందో తెలియదు గానీ నాకు తెలిసింది పదేళ్ల వయసులో. వేసవి సెలవులు అయిపోవస్తున్నాయి, రెండు మంచి వానలు పడ్డాయి. చెరువు ఒడ్డున నాకో చిన్న గాలం కర్ర ఇచ్చి, తూము దగ్గర పనుండి ఆయన అటు వెళ్లాడు. నీళ్ల మీద గడ్డి పక్కన ఎర్రగా ఏదో కదులుతూ కనిపించింది, కుంకుమ ఒలికినట్టు. దగ్గరికి విసిరితే గాలం పడీ పడకముందే లాగేసింది. మోచేయంత కొరమీను! తాత దాన్ని కొర్రమట్ట అనేవాడు. నేనొక్కదాన్నే లాగాను, అరచేతులు కోసుకుపోయాయి, గంతులేశాను. తాత వచ్చి చేపను చూశాడు, నీళ్లను చూశాడు. శభాష్ అంటాడేమోనని ఎదురుచూశాను. "కూసో. సూడు" అన్నాడు, అంతే.

నన్ను ఆ ఒడ్డున ఎండలో గంటసేపు కూర్చోబెట్టాడు. ఆ ఎర్రటిది కొర్రమట్ట పిల్లల గుంపట. అవి పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంటే తల్లీ తండ్రీ కింద కాపలా కాస్తాయట. దగ్గరికి ఏది వచ్చినా కరుస్తాయి, అది కప్పయినా గాలమైనా. "గందుకే సులువుగ పడ్డది. ఆకలికి కాదు, పిల్లల కోసం కొరికింది" అన్నాడు. నా కళ్ల ముందే వేరే చేపలొచ్చి ఆ గుంపును చెదరగొట్టాయి. ఒక కొంగ దిగింది. ఇంకోటి దిగింది. ఎర్ర మచ్చ రెండయింది, నాలుగయింది, తర్వాత ఏమీ లేదు. ఆయన తిట్టలేదు, ఒక దెబ్బ వేసినా బాగుండేది. ఇంటికొచ్చాక అమ్మ ఆ చేప వండింది. తాత తినలేదు. నేను ఏడుస్తూ తిన్నాను, చాలా రుచిగా ఉంది, ఆ రుచికి నాకు ఇంకా ఏడుపొచ్చింది. పదేళ్ల పిల్లకు అంత శిక్ష ఎవరైనా వేస్తారా చెప్పండి.

ఆ తర్వాతే నాకు అర్థమైంది, వానలు మొదలైన దగ్గర్నుంచి మూడు నెలలు తాత గాలం అటక మీద ఎందుకుంటుందో. ఊరంతా చేప కోసం ఎగబడే మృగశిర సరిగ్గా ఆ మూడు నెలల్లోనే పడుతుంది. "గుడ్లు పెట్టే యాల్లనే తినాల్నా వీళ్లకు? బుద్ధి లేని కార్తె" అని తిట్టుకుంటూ, చేపలు పట్టే తాత ఆ రోజు పప్పు పోసుకుని తినేవాడు. చుట్టాలందరూ మా ఇంటికి చేప దొరుకుతుందని వచ్చి, పప్పు తిని, తిట్టుకుంటూ వెళ్లేవాళ్లు.

ఇదంతా ఒక ఎత్తు, నా పెళ్లి ఒక ఎత్తు. రవీ నేనూ ఒకే కోచింగ్ సెంటర్లో పనిచేసేవాళ్లం. వాళ్లది భీమవరం దగ్గర పల్లె, ముప్పై ఏళ్ల క్రితం దిల్‌సుఖ్‌నగర్ వచ్చి స్థిరపడ్డారు. రవి నన్ను చేసుకుంటానంటే వాళ్ల నాన్నగారు ఆరు నెలలు మాట్లాడలేదు. మన వైపు కాదు, మన మాట కాదు, మన వంట కాదు అని. ఆఖరికి మెత్తబడి, "సరే, ఒకసారి వాళ్లింటికి వెళ్లొస్తాను. మృగశిరకి తెలంగాణా వాళ్లు చేప పెడతారటగా. ఆ అమ్మాయి తాతగారు పెద్ద చేపల మనిషని అన్నావుగా. ఆయన పట్టిన చేప తిని మాట్లాడుకుందాం" అన్నారట. ఉన్న మూడు వందల అరవై అయిదు రోజుల్లో ఆయనకు ఆ రోజే దొరికింది!

నేను తుర్కయంజాల్ వెళ్లి తాత కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఎప్పుడూ ఏదీ ఆయన్ని అడిగిన దాన్ని కాదు.

"తాతా, ఒక్క కొర్రమట్ట. ఒక్క రోజు. నా పెళ్లి దీని మీదనే ఉన్నది. ఇప్పుడు తప్పితే వాళ్ల నాన్న మళ్లీ రాడు" అన్నాను.

ఆయన వేళ్ల మధ్య బీడీ తిప్పాడు. "జర సూస్త బిడ్డా" అన్నాడు.

మృగశిర రోజు ఆయన చీకటితోనే చెరువుకు వెళ్లాడని తుర్కయంజాల్‌లో ఆయన పక్కింటివాళ్లు ఫోన్లో చెప్పారు. పదకొండైంది, పన్నెండైంది. అమ్మ మసాలా నూరి పెట్టుకుని కూర్చుంది. నాన్న గుమ్మంలోకీ ఇంట్లోకీ తిరుగుతున్నాడు. పన్నెండున్నరకు తాత వచ్చాడు. పంచె మోకాళ్ల దాకా తడిసి ఉంది, బొటనవేలికి తడి గుడ్డ చుట్టుకున్నాడు, సంచీ చదునుగా వేలాడుతోంది.

"దొరకలేదా?" అంది అమ్మ.

"దొరికింది. ఇడిశిపెట్టిన" అన్నాడు.

 నాన్న తల పట్టుకున్నాడు. "ఏందే నాయినా నువ్వు! పిల్ల బతుకు ఆగం జేస్తవా?" అని అరిచి, చెప్పులేసుకుని మార్కెట్‌కి పరుగెత్తాడు. అంత రద్దీలో ఎలా సంపాదించాడో, గంటలో ఓ కొరమీను తెచ్చాడు. "నాయిన పట్టిండని చెప్దాం. ఎవ్వలూ నోరిప్పకుండ్రి" అన్నాడు. తాత సంచీ మేకుకు తగిలించాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, చాప మీద కూర్చున్నాడు. ఒప్పుకున్నాడని మేం అనుకున్నాం. ఆయనతో ముప్పై ఏళ్లు బతికి మేం చేసిన తప్పు అదే.

రవి వాళ్ల నాన్నగారు వచ్చారు, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా. విస్తరి ముందు కూర్చున్నారు. పులుసు కలుపుకుని, ముక్క తుంచి, కళ్లు మూసుకుని, "అబ్బా! పెద్దాయనా, మీ చెయ్యి గొప్పదండీ" అన్నారు. నాన్న మొహం వెలిగింది.

"గది నేను పట్టింది గాదు సారూ" అన్నాడు తాత. "మావోడు మార్కెట్ల కొనుక్కొచ్చిండు. నేను పట్టింది చెర్వులనే ఉన్నది."

వంటింట్లో అమ్మ చేతిలోంచి గరిటె జారిపడింది. పెద్దమనిషి చెయ్యి విస్తరి మీదే ఆగిపోయింది. ఆయన నాన్నను చూశారు, నన్ను చూశారు. తాత ఆయన వైపు వంగి, అదేదో మామూలు సంగతిలా, "ఇది గుడ్లు పెట్టే కాలం. మూడు నెలలాగుండ్రి. బతుకమ్మ పండుగకు రండ్రి, నేనే తినిపిస్త" అన్నాడు.

"మూడు నెలలా?" అన్నారాయన.

"ఆఁ. మూడే."

ఆయన చెయ్యి కడుక్కుని, "సరేనండీ, చూద్దాం" అని వెళ్లిపోయారు. నేను గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. నా పెళ్లిని తీసుకెళ్లి చేపపిల్లలకు ముడిపెట్టిన మనిషితో ఆ మూడు నెలలూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన వారం వారం వచ్చేవాడు. పొన్నగంటి కూరో, కాకరకాయలో నా గది గుమ్మం దగ్గర పెట్టి వెళ్లేవాడు. నేను వాటిని దాటుకుని వెళ్లేదాన్ని. రవి మాత్రం ఓపిగ్గా, "మా నాన్న కుదరదని అనలేదు కదా, చూద్దామన్నారు" అని నాకు చెప్పి చెప్పి అలసిపోయాడు.

మూడు నెలలు నిండిన వారానికి రవి వాళ్ల నాన్నగారు నిజంగానే వచ్చారు, మా ఇంటికి కాదు, తిన్నగా తుర్కయంజాల్‌కి. తెల్లవారకముందే తాత ఆయన్ను చెరువు కట్టకు తీసుకెళ్లి ఒక కర్ర చేతికిచ్చి కూర్చోబెట్టాడు. మధ్యాహ్నం మేమంతా అక్కడికి చేరేసరికి ఇద్దరూ బురద కాళ్లతో, ఉత్త చేతులతో వస్తున్నారు. అయిదు గంటలు కూర్చున్నా ఒక్క చేప పడలేదు! మూడు నెలలు ఆగిందానికి ఇదా అని నాకు ఏడుపొచ్చింది. నాన్న భయం భయంగా, "అన్నా, ఏమైంది?" అని అడిగాడు. పెద్దాయన చెంబుతో కాళ్లు కడుక్కుంటూ, "ఏమవుతుందండీ, మీ నాన్నగారు నన్ను అయిదు గంటలు నోరు మూయించారు. మా ఆవిడ పాతికేళ్లుగా చెయ్యలేకపోయిన పని అది. ముహూర్తం పెట్టించండి" అన్నారు. ఎందుకు ఒప్పుకున్నారో ఎవరికీ అర్థం కాలేదు. తాత నా వైపు చూసి బోసినోటితో నవ్వాడు. పెళ్లి కుదిరిందన్న సంతోషం ఉన్నా, నేను నవ్వలేదు, అంత కోపం ఉండేది నాకు.

పెళ్లయ్యాక మాట్లాడాను, మాట్లాడకపోతే ఎలా. కానీ ఆ మృగశిర సంగతి వచ్చినప్పుడల్లా దెప్పేదాన్ని. "మనుమరాలి కంటె నీకు చేపనే ఎక్కువైంది గద తాతా" అనేదాన్ని. ఆయన ఎన్నడూ కాదనలేదు. "ఔ బిడ్డా, గట్లనే అనుకో" అనేవాడు. ఆఖరి రోజుల్లో దవాఖానలో, ముక్కుకు గొట్టంతో, కిటికీ వైపు మంచం జరపమని నర్సులను సతాయించాడు. బయట వాన మొదలైంది. "చెర్వుకు నీళ్లొచ్చినయేమో సూసి రాపో" అన్నాడు నాతో. నేను విసుక్కున్నాను. విసుక్కుంటూనే వెళ్లి చూసి వచ్చి, వచ్చినయని చెప్పాను. ఆ తర్వాత మూడో రోజు వెళ్లిపోయాడు.

ఇదంతా తలుచుకుంటూ నేను వంటింట్లో ఉల్లిపాయలు కోస్తున్నాను, రవి చేప తెస్తాడని. మా మామగారు పేపరు మడిచి గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు.

"అమ్మా, నేను మొదటిసారి మీ ఇంటికి భోజనానికి వచ్చిన రోజు మీ తాతగారు పిల్లలతో ఉన్న కొరమీను మీదే గాలం వేశారు. తెలుసా నీకు?" అన్నారు.

"వేశారు, పడింది, వదిలేశారు. పదిహేనేళ్లుగా వింటున్న కథే కదా మావయ్యగారూ" అన్నాను.

"తెలిసే వేశారమ్మా. ఎర్రగా పిల్లలు కనిపిస్తుంటే, వాటి మధ్యకే విసిరారు. అలా అయితేనే తప్పకుండా పడుతుందని. మూడు నెలల తర్వాత చెరువు కట్ట మీద కూర్చున్నప్పుడు నాతో చెప్పారు. 'నా మనుమరాలు ఎన్నడు నన్ను ఏదీ అడగలే సారూ. అడిగింది. గందుకే ఏసిన. చేతిలకొచ్చింది. గప్పుడు మనసు ఒప్పలే. మా పిల్లను మీ ఇంటికి తోలుకపొమ్మని పిలిచిన పొద్దు, ఇంకొకల పిల్లలను ఎట్ల ఆగం జేస్త?' అన్నారు. దాని మూతి చిరక్కుండా గాలం తియ్యబోతే అది ఆయన వేలికే గుచ్చుకుందట. ఆ మాట విన్నాక నేనింక పెళ్లికి కాదనలేకపోయాను. మృగశిర నాడు చేప తినలేకపోతున్నాను కూడా."

నేను కత్తి పక్కన పెట్టాను. బొటనవేలికి చుట్టుకున్న ఆ తడి గుడ్డ గుర్తొచ్చింది. అదేమిటని నేను అడగను కూడా అడగలేదు.

"మరి నాకెందుకు చెప్పలేదు? మీరైనా ఎందుకు చెప్పలేదు?" అని అరిచినంత పని చేశాను.

"చెప్పొద్దన్నారమ్మా. 'తెలిస్తే ఏడుస్తది. దానికి కోపమే మంచిగుంటది' అన్నారు. ఇవాళ నువ్వు రవిని పంపించేసరికి నా వల్ల కాలేదు."

ఏం మనిషి! నాకు తెలియకుండా నా మీద ఇంత ప్రేమ దాచి, పోయాక కూడా కలిపి పదిహేనేళ్లు నా చేత తిట్టించుకున్నాడు. ఎదురుగా ఉంటే నాలుగు కడిగేసేదాన్ని. ఉల్లిపాయల్ని పక్కకు నెట్టాను. కళ్లు మండుతున్నాయి, ఉల్లిపాయల వల్లే అని మామగారితో అన్నాను. ఆయన నమ్మినట్టే తల ఊపారు. డబ్బా తీసి కందిపప్పు కొలిచి కడగడం మొదలుపెట్టాను.

అప్పుడే రవి ఫోన్ చేశాడు. వెనక మార్కెట్ గోల. "దొరికిందోయ్! మంచి కొరమీను, ప్రాణంతో ఉంది, పొట్ట నిండా గుడ్లు. కొట్టించెయ్యనా?"

అది ఎక్కడో పెంపకం గుంటలో పెరిగిన చేప అనీ, మేం కొనకపోతే రవి వెనకున్నాయన కొంటాడనీ నాకు తెలుసు.

"వద్దు. ఇంటికి రా" అన్నాను.

"అదేంటి, నువ్వేగా తెమ్మన్నావు? ఇక్కడ ఇతను కత్తి పట్టుకుని నిలబడ్డాడు, ఇప్పుడేం చెప్పను?"

"మూడు నెలలాగుమని చెప్పు."